ట్రావెల్ ఆక్షన్ పెట్టి స్కూళ్ళ జాగ్రఫీకి డబ్బు పోగుచేయొచ్చా?

అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: టెక్సాస్‌లో ఒక ఊళ్ళో పాతిక ముప్పై తెలుగు కుటుంబాలున్నాయి. పిల్లలు చదివే మిడిల్ స్కూల్లో జాగ్రఫీ క్లబ్బుకీ, సొంత మండలంలోని రెండు జడ్పీ హైస్కూళ్ళలో మ్యాపులు, గ్లోబులు, ఫీల్డ్ ట్రిప్పులకీ డబ్బు కావాలి. అందుకోసం ట్రిప్పులు వేలం వేద్దామనుకుంటున్నారు. ఒక కంపెనీ కాన్‌కూన్ (మెక్సికో), బాలి ప్యాకేజీలు ఇస్తానంటోంది. అమ్ముడుపోకపోతే మీకు పైసా ఖర్చు లేదంటోంది. ఒప్పుకోవచ్చా?

ఆక్షన్ పెట్టండి, బాగానే నడుస్తుంది. ఆ కంపెనీ ప్యాకేజీలు మాత్రం వద్దు. మీ ముప్పై కుటుంబాల్లోనే ఎవరికి ఏ చోటు బాగా తెలుసో కనుక్కుని, వాళ్ళు దగ్గరుండి చూపించే ట్రిప్పులు అమ్మండి. ఇండియా స్కూళ్ళకి పంపే డబ్బునీ, ఇక్కడి స్కూలు డబ్బునీ మొదటి రోజు నుంచే వేరువేరుగా పెట్టండి. నా సమాధానం ఇంతే. ఎందుకో, ఎక్కడ దెబ్బ తగులుతుందో కింద రాస్తున్నాను. కాస్త పెద్దదే, టీ పెట్టుకుని చదవండి.

నేను ఆస్టిన్ పక్కన ఉంటాను. మా పిల్లల స్కూలు పీటీఏకి (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) ఆరుసార్లు, మా ఊరి తెలుగువాళ్ళ కార్యక్రమాలకి మూడుసార్లు సైలెంట్ ఆక్షన్ నడిపాను, అంటే బల్ల మీద పెట్టిన షీటులో ఎవరి రేటు వాళ్ళు రాసే వేలం. సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) కాను, లాయర్ని కాను. టాక్సు విషయాలు మా సీపీఏ దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. మీరు మీవాళ్ళని ఒకసారి అడిగి రూఢి చేసుకోండి.

ముందు లడ్డూ సంగతి చెప్పాలి. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకి పోయింది. స్వీటు షాపులో దాని రేటెంత అని ఎవరూ అడగరు. ఆ లడ్డూ ఇంకెక్కడా దొరకదు, పాడుకున్నవాళ్ళ పేరు ఏడాదంతా ఊళ్ళో నలుగుతుంది. ఇప్పుడు కాన్‌కూన్ రిసార్టులో ఐదు రాత్రులు అని ఒక కాగితం బల్ల మీద పెట్టారనుకోండి. మనవాళ్ళు ఏం చేస్తారు? ఒక చేత్తో బిడ్ షీటు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి అదే రిసార్టు రేటు చూస్తారు. ఆన్‌లైన్ రేటుకి వంద డాలర్ల ఇవతల పెన్ను ఆగిపోతుంది. వాళ్ళ తప్పేం లేదు. రేటు తెలిసిన సరుకు తెచ్చి పెట్టింది మనం.

అందుకని ఇంటర్నెట్‌లో రేటు దొరికే ట్రిప్పుని వేలానికి పెట్టకండి. మీ కంపెనీ ప్యాకేజీ విషయంలో నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది.

"రిస్క్ లేదు" అనే మాట ఎలా పనిచేస్తుందో చెప్తాను. ఆ కంపెనీ ట్రిప్పుని విరాళంగా ఇవ్వడం లేదు, మీ బల్ల మీద పెట్టి అమ్ముకుంటోంది. ప్యాకేజీకి ఒక అసలు రేటు ఉంటుంది, అది వాళ్ళకి కట్టాలి. ఆ పైన ఎంత వస్తే అంత మీకు. మేం మొదటి ఏడాది ఇలాంటి కాన్‌కూన్ ప్యాకేజీయే ఒకటి పెట్టాం, కంపెనీ పేరు అనవసరం. వాళ్ళకి కట్టాల్సింది 2,750 డాలర్లు. కాబట్టి పాట అక్కడే మొదలుపెట్టాలి. పాడింది ఇద్దరే. 3,050కి పోయింది. తేడా 300. కార్డు మీద కట్టారు కాబట్టి మూడు శాతం ఫీజు, అంటే 91 డాలర్ల చిల్లర, మళ్ళీ మన నెత్తినే. మిగిలింది సుమారు 208 డాలర్లు. స్టేజీ మీద మైకులో మాత్రం "మూడు వేల యాభై" అని చప్పట్లు కొట్టించాం. పాడుకున్నాయన తన మూడు వేలూ స్కూలుకి వెళ్ళాయనే అనుకున్నాడు. తర్వాత లెక్కలు చూసి "అదేంటండీ" అన్నప్పుడు నాకు చెప్పుకోవడానికి మొహం లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆయనది హెచ్‌1బీ. పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి ఏడాది దాటింది, ఇక్కడ ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నారు. దేశం దాటితే తిరిగి రావడానికి ఏ కాగితాలు కావాలో, ఎక్కడ చిక్కు వస్తుందో లాయర్ని అడిగారు. అడిగాక టెన్షన్ ఇంకా పెరిగింది. "వద్దులెండి, డబ్బు వెనక్కి ఇప్పించండి" అన్నారు. కంపెనీ ఇవ్వదు, షరతుల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చివరికి గ్రీన్ కార్డున్న ఇంకో కుటుంబానికి తక్కువకి అమ్మిపెట్టాం. ఆ తేడా కమిటీలో నలుగురం జేబులోంచి సర్దుకున్నాం. అంటే మాకు మిగిలిన 208 కూడా మిగల్లేదు.

మన గుంపుకి విదేశీ ట్రిప్పు పెట్టేముందు ఈ లెక్క చూసుకోవాలి. గదిలో ఉన్న కుటుంబాల్లో ఎందరు నిశ్చింతగా దేశం దాటి రాగలరు? ఇండియన్ పాస్‌పోర్టు మీద ఆ దేశానికి వీసా కావాలా? ఈ ప్రశ్నలు మామూలు అమెరికన్ పీటీఏ ఆక్షన్లలో ఎవరికీ తట్టవు. మనకి మాత్రం పాడేవాళ్ళలో సగంమంది అక్కడే తగ్గిపోతారు.

మరి ఏం అమ్మాలి? ఈసారి బాగా నడిచినదాని గురించి.

మాకు తెలిసిన ఒక మాస్టారున్నారు. భూగర్భ జలాల శాఖలో పనిచేసి రిటైరై, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇంట్లో ఏం తోచక కాలనీ రోడ్డు పక్కన తవ్విన మట్టి చూసుకుంటూ తిరిగేవారు. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఎన్‌చాంటెడ్ రాక్ అని గులాబీ రంగు గ్రానైట్ గుట్ట ఉంది, మా ఇంటి నుంచి కారులో సుమారు రెండు గంటలు. టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి మీరూ వెళ్ళే ఉంటారు. మనవాళ్ళు అక్కడికి వెళ్ళి పైకెక్కి, సెల్ఫీ దిగి, పులిహోర తిని వచ్చేస్తారు. ఈయన్ని బతిమాలి "మాస్టారితో ఎన్‌చాంటెడ్ రాక్, ఒక కుటుంబానికి ఒక పూట" అని బిడ్ షీటు రాశాం. మొదటి రేటు 60 డాలర్లు పెట్టాం. 410కి పోయింది.

ఆ ఆదివారం నేనూ వెళ్ళాను. మాస్టారు సంచిలోంచి భూతద్దం తీసి, తొమ్మిదేళ్ళ పిల్లని రాతి మీద బోర్లా పడుకోబెట్టారు. "ముక్కు ఆనించి చూడమ్మా. గులాబీ రంగులో ఉన్నది ఫెల్డ్‌స్పార్. గాజుముక్కలా ఉన్నది క్వార్ట్జ్. తళుక్కుమన్నది మైకా, మన అభ్రకం." ఆ పిల్ల పావుగంట లేవలేదు. వాళ్ళ నాన్నకి ఫోన్ తీసే తీరిక దొరకలేదు, ఆయనా పక్కనే బోర్లా పడుకున్నాడు. గుట్ట ఉల్లిపాయ పొరల్లా ఎందుకు ఊడుతుందో చూపించారు. పైన నీళ్ళు నిలిచే చిన్న గుంటలుంటాయి, వాటిలో కంటికి ఆనీ ఆనని రొయ్యల్లాంటివి ఈదుతుంటాయి. ఆ గుంటల్లో కాలు పెట్టకూడదని అందరినీ చుట్టూ తిప్పి తీసుకెళ్ళారు. భువనగిరి కొండ ఎక్కినవాళ్ళెవరని అడిగితే ముగ్గురం చెయ్యెత్తాం. "అదీ గ్రానైటే, ఇదీ గ్రానైటే. ఇది 110 కోట్ల ఏళ్ళది. మన హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్ళు 250 కోట్ల ఏళ్ళవి. ఇది దానికి తమ్ముడు కాదు, మనవడు" అన్నారు.

సోమవారానికి వాట్సాప్ గ్రూపులో ఆరు కుటుంబాలు "మాకూ కావాలి" అని పెట్టాయి. ఒక్కరికే అమ్మి తప్పు చేశామని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది అదే ట్రిప్పుని కుటుంబానికి 150 డాలర్ల చొప్పున ఎనిమిది సీట్లుగా పెట్టాం. 1,200 వచ్చింది. పార్కు టికెట్లు ఎవరివి వాళ్ళే కొనుక్కున్నారు, ఇడ్లీలు ఇళ్ళనుంచి వచ్చాయి. కార్డు ఫీజు పోను దాదాపు అంతా మిగిలింది. మూడు వేల కాన్‌కూన్‌లో మిగలనిది రెండు గంటల దూరంలోని గుట్టలో మిగిలింది.

ఒక జాగ్రత్త: పార్కులో డబ్బు తీసుకుని జనాన్ని తిప్పడానికి చాలాచోట్ల అనుమతి కావాలి. నేషనల్ పార్కుల్లో మరీ కచ్చితంగా ఉంటారు. ఫలానా చారిటీ కోసం, ఇంతమంది, ఈ తేదీ అని పార్కు ఆఫీసుకి ముందే ఫోన్ చేసి చెప్పండి. ఎన్‌చాంటెడ్ రాక్‌కి వారాంతాల్లో లోపలికి వెళ్ళే టికెట్లే అయిపోతాయి, ముందుగా బుక్ చేయకపోతే గేటు దగ్గరినుంచే వెనక్కి రావాలి.

ఇలాంటి మాస్టారు మీ దగ్గర లేరని అనకండి. వెతికితే ఉంటారు. గాల్వెస్టన్ ఓడరేవులో లాజిస్టిక్స్ ఉద్యోగం చేసేవాళ్ళు, జీఐఎస్‌లో (కంప్యూటర్ మ్యాపుల రంగంలో) పనిచేసేవాళ్ళు, గబ్బిలాల పిచ్చి ఉన్న హైస్కూల్ పిల్లాడు. మా ఆస్టిన్‌లో కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద వేసవిలో 15 లక్షల దాకా గబ్బిలాలుంటాయి. వాటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అయినా ఆ పిల్లాడు పక్కనుండి అవి మెక్సికో నుంచి ఏ దారిన వస్తాయో మ్యాపు పరిచి చెప్పే సాయంత్రానికి 180 డాలర్లు పెట్టారు. ఉచితంగా దొరికేదానికి!

ఇండియా ట్రిప్పు ఒకటైనా పెట్టండి, మనవాళ్ళకి మనసు అక్కడే ఉంటుంది. మాకు ఒకావిడ కోనసీమలో లంక గ్రామంలో ఉన్న వాళ్ళింట్లో మూడు రాత్రులు ఇచ్చారు. వాళ్ళ అమ్మగారు వండిపెడతారు, తమ్ముడు పడవ మీద పాయలు తిప్పుతాడు. టికెట్లు పాడుకున్నవాళ్ళవే. ఎలాగూ వేసవికి ఊరెళ్తారు కాబట్టి టికెట్లు వాళ్ళకి లెక్కలో లేవు. 900 డాలర్లకి పోయింది.

దీనిలో మేం చేసిన పొరపాటు వినండి. షీటు మీద తేదీలు రాయలేదు. అమెరికా స్కూళ్ళకి సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా. గోదావరికి వరద వచ్చేదీ సరిగ్గా అప్పుడే. ఆ కుటుంబం జులై చివర్లో రాజమండ్రిలో దిగింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వాళ్ళు దిగిన రోజుకి రెండోది దాటింది. లంకలకి దారి మునిగిపోయింది. పిల్లలు నాలుగు రోజులు రాజమండ్రిలో బంధువుల ఇంట్లో కూర్చుని టీవీలో ధవళేశ్వరం నీటిమట్టం చూశారు. అక్కడ 11.75 అడుగులు మొదటి హెచ్చరిక అని, పైన భద్రాచలంలో పెరిగింది కిందికి రావడానికి టైము పడుతుందని, కాటన్ దొర కట్టించిన ఆనకట్ట చోటే ఇప్పటి బ్యారేజీ ఉందని ఆ పెద్దపిల్లాడు వచ్చాక మాకు క్లాసు పీకాడు. జాగ్రఫీ బాగానే వచ్చింది, ట్రిప్పు మాత్రం రాలేదు. తర్వాత డిసెంబరులో వెళ్ళొచ్చారు. అప్పటినుంచి మా షీటు మీద మొదటి లైనే తేదీలు. కోనసీమకైతే డిసెంబరు, జనవరి. సంక్రాంతి మూడు రోజులు మాత్రం కుదరదు, ఇంటివాళ్ళకే చోటుండదు.

పడవ ఉన్న ట్రిప్పు ఏదైనా లైఫ్ జాకెట్లు ఎన్నున్నాయో ఫొటో తెప్పించుకోండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం మనందరికీ గుర్తే. మొహమాటపడే చోటు కాదిది.

బిడ్ షీటు మీద ఏం రాయాలి: ఎంతమందికి, ఏ తేదీల్లో, ఎప్పటిలోగా వాడుకోవాలి, ఏది కలిసింది, ఏది కలవలేదు, వాడుకోకపోతే ఏమవుతుంది, వేరేవాళ్ళకి ఇవ్వొచ్చా. ఇంత రాస్తే చాలు. "అద్భుతమైన అనుభూతి" లాంటి మాటలకి ఎవరూ పెన్ను తీయరు. "అమ్మమ్మగారి చేతి పులస పులుసు, ఆ కాలంలో దొరికితే" అన్న లైను మాత్రం రెండు వందల డాలర్లు పెంచిందని నా నమ్మకం. డిసెంబరులో పులస దొరకదని తెలిసినవాళ్ళు కూడా పాడారు.

మొదటి రేటు అంచనా విలువలో 40, 50 శాతం దగ్గర పెట్టండి. పెంచే మెట్టు పది శాతం చుట్టూ ఉంటే బాగుంటుంది. ముప్పై కుటుంబాలకి పది, పన్నెండు వస్తువులు మించకూడదు. పాడేవాళ్ళకన్నా వస్తువులు ఎక్కువైతే అన్నీ మొదటి రేటుకే పోతాయి. మేం ఒకసారి 34 పెట్టి చేతులు కాల్చుకున్నాం. బిర్యానీ వడ్డించకముందే పాట మూసేయండి. భోజనం మొదలయ్యాక ఎవరూ బల్ల దగ్గరికి రారు, వచ్చినా చేతులు కడుక్కోరు, షీట్లన్నీ నూనె.

కొన్ని విరాళాలు వినడానికి బాగుంటాయి, తీసుకోకూడదు. ఎయిర్‌లైన్ మైల్స్ అలాంటివే. "నా దగ్గర రెండు లక్షల మైల్స్ ఉన్నాయి, వేలం వేసుకోండి" అని ప్రతి ఏడాదీ ఒకరు అంటారు. చాలా ఎయిర్‌లైన్ల నిబంధనల ప్రకారం మైల్స్ అమ్మడం, వేలం వేయడం కుదరదు, పట్టుకుంటే ఖాతా మూసేస్తారు. టైమ్‌షేర్ వారాలు ఇస్తామంటే రిసార్టు రూల్సు చూడండి, గెస్టు ఫీజు ఎవరు కడతారో రాయించుకోండి. ఇంకొకటి, టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది ఆక్షన్ కాదు, దాని చట్టం వేరు. కలపకండి.

ఇక టాక్సు. ఇక్కడ మనవాళ్ళకి ఉన్న అపోహలు అన్నీ ఇన్నీ కావు.

పాడుకున్నవాళ్ళకి మొత్తం డబ్బు మీద డిడక్షన్ (టాక్సు మినహాయింపు) రాదు. వాళ్ళకి అందినదాని మార్కెట్ విలువ తీసేసి, పైన ఎక్కువ ఇచ్చిన దానికే వస్తుంది. మా మాస్టారి సీటు 150 అయితే, విలువ 40 అని మంచి మనసుతో అంచనా వేసి షీటు మీద ముందే రాశాం. మిగతా 110 విరాళం. 75 డాలర్లు దాటిన ప్రతి చెల్లింపుకీ ఈ విలువ సంస్థ రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇవ్వకపోతే పెనాల్టీ సంస్థకే. ఇంకా తమాషా ఏంటంటే ఇల్లు ఇచ్చినవాళ్ళకి డిడక్షన్ రాదు. వారం రోజులు వాడుకోమని ఇవ్వడం ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో విరాళం కాదు. పైగా అది అద్దెకిచ్చే ఇల్లయితే ఆ రోజులు యజమాని సొంతంగా వాడుకున్న రోజుల లెక్కలోకి వెళ్తాయి, అద్దె ఇంటి ఖర్చుల మీద దెబ్బ పడొచ్చు. ఇది ముందే చెప్పండి, ఏప్రిల్‌లో టాక్సు ఫైల్ చేసేటప్పుడు తెలిస్తే స్నేహాలు చెడతాయి. మాస్టారి లాంటివాళ్ళ సమయానికీ డిడక్షన్ లేదు. ఆయనకి శాలువా కప్పాం.

ఇవన్నీ మీ గుంపుకి 501సీ3 హోదా (టాక్సు మినహాయింపున్న చారిటీగా గుర్తింపు) ఉంటేనే. లేకపోతే పీటీఏ పేరు మీదో, ఉన్న తెలుగు సంస్థ పేరు మీదో నడపండి. జెల్ లాంటి పేమెంట్ యాప్‌లతో ఎవరి సొంత ఖాతాలోకీ డబ్బు రానివ్వకండి.

ఆక్షన్ మధ్యలో ఒక పది నిమిషాలు వస్తువేమీ లేకుండా అడగండి. దీన్ని ఇక్కడ ఫండ్ ఎ నీడ్ అంటారు, చెయ్యెత్తి ఇవ్వడమే. తిరిగి ఏమీ రాదు కాబట్టి ఇచ్చిందంతా విరాళం కిందికే వస్తుంది. మాకు ట్రిప్పులన్నిటికన్నా దీన్లోనే ఎక్కువ వచ్చింది. అయితే ట్రిప్పుల కోసం వచ్చిన జనం లేకపోతే ఇదీ రాదు. అప్పుడు మైకు కమిటీ పెద్దలకి ఇవ్వకండి, సోషల్ స్టడీస్ టీచరుకి ఇవ్వండి. మా టీచరు రెండే నిమిషాలు మాట్లాడింది. 2018లో జాతీయ స్థాయి పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల్లో జాగ్రఫీలో ప్రొఫిషియంట్ (గట్టి పట్టున్న) స్థాయికి చేరింది నాలుగోవంతే అని చెప్పింది. తర్వాత కొండలు చేతికి తగిలే రిలీఫ్ మ్యాపు ఒకటి ముందు వరసకి అందించి, అది అందరి చేతులూ తిరిగి వచ్చేదాకా మాట్లాడకుండా నిలబడింది. మనవాళ్ళకి ఇంకో మాట కూడా పనిచేస్తుంది: తొమ్మిదో తరగతిలో ఏపీ హ్యూమన్ జాగ్రఫీ తీసుకోబోయే పిల్లలున్నవాళ్ళు ఎవరని అడగండి. ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదులెండి, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. 2012 నుంచి 2019 దాకా నేషనల్ జియోగ్రాఫిక్ బీ (స్కూలు పిల్లల జాగ్రఫీ క్విజ్ పోటీ) గెలిచినవాళ్ళంతా భారతీయ మూలాలున్న పిల్లలే, 2019 తర్వాత ఆ పోటీ ఆగిపోయింది. పోటీ ఆగిపోయాక మన ఇళ్ళల్లో అట్లాసులు అటకెక్కాయని నా ఫిర్యాదు. అది వేరే చర్చ.

ఇప్పుడు ఇండియా వైపు. పీటీఏ ద్వారా వచ్చిన డబ్బు ఆ స్కూలుదే, దాన్ని ఇండియా పంపాలనుకోకండి. రెండు లక్ష్యాలకి రెండు బల్లలు, రెండు ఖాతాలు, రెండు రసీదు పుస్తకాలు పెట్టండి. ఇక్కడి సంస్థ నుంచి అక్కడికి వెళ్ళే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే చేరాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఇంకో సంస్థకి దాన్ని బదిలీ చేయడానికి వీల్లేదు. కాబట్టి "మా బాబాయి ట్రస్టుకి పంపుదాం, ఆయన స్కూలుకి ఇస్తాడు" అనే దారి మూసుకుపోయింది. హెడ్‌మాస్టరు గారి సొంత ఖాతాకి పంపడం అసలే వద్దు, మంచి మనిషిని చిక్కుల్లో పెట్టినట్టవుతుంది. ఇండియన్ పాస్‌పోర్టున్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది దీనికిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇస్తే వస్తుంది, ఓసీఐ ఉన్నా సరే.

గ్లోబులు, మ్యాపులు ఇక్కడ కొని పంపుదామన్న ఆలోచన ఉంటే మానేయండి. ఇక్కడ అచ్చయ్యే వాటిలో కశ్మీరు సరిహద్దు చుక్కల గీతలతో ఉంటుంది. భారతదేశ సరిహద్దులు తప్పుగా చూపే మ్యాపుల దిగుమతికి కస్టమ్స్ ఒప్పుకోదు, అలాంటివి ప్రచురించడం అక్కడ నేరం కూడా. అక్కడే కొనండి, చవక కూడా.

అసలు వాళ్ళకి గ్లోబు కావాలో లేదో కూడా అడగండి. మా ఆయన సొంతూరు అనంతపురం జిల్లా. అక్కడి జడ్పీ స్కూలు సోషల్ మాస్టారికి ఫోన్ చేసి "ఎన్ని గ్లోబులు పంపమంటారు" అంటే ఆయన నవ్వారు. "గ్లోబు ఉంది మేడమ్, బీరువాలో ఉంది. పిల్లలు పదో తరగతి మ్యాప్ పాయింటింగ్‌లో పెన్నా, తుంగభద్ర కళ్ళు మూసుకుని పెడతారు. కాని మ్యాపులో గీసిన పెన్నాని నేల మీద చూసినవాళ్ళు నలుగురు లేరు. బస్సు ఇప్పించండి" అన్నారు.

బస్సు ఇప్పించాం. పొద్దున బెలుం గుహలు, మధ్యాహ్నం పెన్నా లోయ పక్కనే ఉన్న గండికోట. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్లు. మాస్టారు స్కూల్ లేబులోంచి సజల ఆమ్లం సీసా, డ్రాపరు, ఒక నాపరాయి ముక్క తెచ్చారు. గుహ బయట, పార్కింగు దగ్గర, పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి ఆ రాయి మీద ఒక్క చుక్క వేశారు. బుసబుసా నురగ. "ఇది మీ ఇంట్లో పరిచిన రాయేగా? ఇదీ సున్నపురాయే. నీళ్ళు మెల్లగా ఇదే పని చేసి లోపల గుహ తొలిచాయి" అన్నారు. ఒకమ్మాయి "అయితే మా ఇంటి కింద కూడా గుహ పడుతుందా సార్" అని అడిగిందట. వీడియోలో ఆ ప్రశ్న వినిపిస్తుంది, జవాబు వినపడేలోపు అందరూ నవ్వేశారు. మరుసటి ఏడాది ఆక్షన్‌లో ఫండ్ ఎ నీడ్‌కి ముందు ఆ నలభై సెకన్ల వీడియోనే వేశాం. వేరే ప్రసంగం అవసరం పడలేదు.

పనుల వరస గురించి ఒక్క మాట. నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటి నెల డబ్బు గురించి మాట్లాడకుండా ఇంటింటికీ ఫోన్ చేసి "మీకు బాగా తెలిసిన చోటేది, ఇంకొకళ్ళకి చూపిస్తారా" అని మాత్రం అడగండి. చాలామంది ముందు "నాకేం తెలుసండీ" అంటారు. రెండో ఫోన్‌కి చెప్తారు. ట్రిప్పు చూపించేవాళ్ళకి, వెళ్ళేవాళ్ళకి ఫోన్ నంబర్లు ఇచ్చి వదిలేయకుండా కమిటీలో ఒకరు తేదీ కుదిరేదాకా వెంటపడాలి. లేకపోతే ఏడాది చివర సగం ట్రిప్పులు వాడకుండా మిగిలిపోతాయి, ఆ కుటుంబాలు మళ్ళీ పాడవు.

తేదీ పెట్టేముందు ఆ రోజు ఇండియా మ్యాచ్ ఉందేమో చూసుకోండి. మేం ఒకసారి చూసుకోలేదు. మగవాళ్ళంతా పార్కింగులో కార్ల దగ్గర ఫోన్లలో మ్యాచ్ చూస్తూ నిలబడ్డారు. ఆ ఏడాది అన్ని ట్రిప్పులూ ఆడవాళ్ళే పాడుకున్నారు. నిజం చెప్పాలంటే, అంతకు ముందు ఏడాది కన్నా ఎక్కువే వచ్చింది.